ఎటూ ఒరగని గచ్చు

మా ఆయన రైల్వేలో ముప్పై ఏళ్ళకి పైగా పట్టాల లెవెల్ చూసే ఉద్యోగం చేసేరు. పట్టా ఎక్కడ కుంగింది, ఎక్కడ లేచింది, మలుపులో బయటి పట్టా లోపలి పట్టా కన్నా ఎంత ఎత్తుండాలి, ఇదే ఆయన బతుకు. రిటైరయ్యేక చూడ్డానికి పట్టాలు లేక ఇంట్లో ఉన్నవన్నీ చూడ్డం మొదలెట్టేరు. గోడ మీద కేలండరు ఒరిగిందన్నారు. మంచానికి ఒక కోడు పొట్టిదన్నారు. ఓ రోజు గేస్ స్టవ్ కింద అట్టముక్క దూర్చి, నా దోసెలు ఇన్నాళ్ళూ ఒక పక్కే ఎందుకు మాడేయో కనిపెట్టేనన్నారు. పెళ్ళైన కొత్త నుంచి ఆ నింద నా మీదే ఉంది. కనీసం స్టవ్ మీదకి మారినందుకు సంతోషించేను.

రైల్వే క్వార్టరు ఖాళీ చేసి, ఖరగ్‌పూర్ చివర మేం కట్టుకున్న ఇంటికి వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఇల్లు బాగానే ఉంది, పెరడుతోనే తంటా. అంతా ఎర్రమట్టి. ఎండాకాలం లేచి ఉతికిన బట్టల మీద కూర్చుంటుంది, వానాకాలం చెప్పులు పట్టుకుని వదలదు. నేను ప్రైమరీ స్కూల్లో తెలుగు టీచర్ని. పొద్దున్నే పెరట్లో బట్టలు ఆరేసి, అవే కాళ్ళతో బడికి పరిగెత్తి, పిల్లలకి పరిశుభ్రత పాఠం చెబుతూ బల్ల కింద మడమలు దాచుకున్న రోజులున్నాయి.

"పెరట్లో గచ్చు పోయించండి" అన్నాను ఓ ఆదివారం.

అప్పుడు ఆయన మొహంలో వచ్చిన వెలుగు మా పెళ్ళిచూపుల్లో కూడా నేను చూడలేదు.

వారం రోజులు పెరడు కొలిచేరు. టేపు రెండో కొస పట్టుకోడం నా డ్యూటీ. ఒకసారి కొలిచిన గోడే మళ్ళీ కొలిచి, అది రాత్రికి రాత్రి పెరగలేదని నిర్ధారించుకునేవారు. గళ్ళ కాగితం మీద బొమ్మ గీసేరు. ఇక్కడ కుర్చీలు, ఇక్కడ బట్టలుతికే రాయి, ఈ మూల జామచెట్టు, చెట్టు పక్క కాలవ. తోట మట్టి గచ్చు మీదకి రాకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు గట్టు. కాలవ మూల నీళ్ళు పోడానికి ఒక గొట్టం.

మా వీధిలో సగం ఇళ్ళు కట్టిన ముసలి మిస్త్రీ ఒకాయన ఉన్నాడు, బెంగాలీ మనిషి. తెలుగువాళ్ళ ఇళ్ళు కట్టి కట్టి మన భాష పట్టేసేడు గానీ, అవసరమైన చోట హిందీ కలుపుకుంటాడు. మా ఆయన కన్నా పదేళ్ళు పెద్దయినా ఆయన్ని అన్నని చేసి దాదా అంటాడు, నన్ను వదినని చేసి బౌది అంటాడు. వచ్చి, గళ్ళ కాగితం చూడకుండా గొంతుక్కూచుని నేల చూసేడు. తరవాత నన్నడిగేడు.

"బౌది, వాన పాని ఎటు జాతా?"

ఎటు పోతుందో నాకు తెలుసు. రెండు వానాకాలాలు గిన్నెలు కడుగుతూ చూసేను. వంటగది గోడ దగ్గర్నుంచి జామచెట్టు వేపు చూపించేను.

"అయితే ఢాల్ ఇటే. గోడ కాడ మూడంగుళాలు ఎత్తు."

ఢాల్ అంటే వాలు. ఆ మాట వినగానే మా ఆయన చేతిలో కాగితం మడిచేసేరు.

"వాలేటి? గచ్చుకి వాలేటి? గచ్చంటే లెవెల్."

"దాదా, పాని..."

"పానికి గొట్టం పెడతన్నాను కదా. దానిలోంచే పోతాది."

"పాని చదువుకోలేదు దాదా. గొట్టం ఎక్కడుందో దానికి తెలీదు."

నేను మధ్యలోకి వెళ్ళేను. "ఏటండీ, ఆయన ఎన్ని గచ్చులు పోసినాడో! ఒక్కసారి ఇనండి."

"నాను ఎన్ని మైళ్ళు పట్టాలు సూసినానో నీకు తెలుసా?"

"మన పెరట్లో రైలు నడపరు కదండీ."

ఆ మాటకి సాయంత్రం టీ దాకా నాతో మాట్లాడలేదు. మిస్త్రీ మాత్రం "ఠీక్ హై దాదా, మీ ఇల్లు" అనేసి లేచేడు. ఠీక్ హై అన్నమాటకి మా ఊళ్ళో రెండు అర్థాలున్నాయి. ఒకటి ఒప్పుకున్నానని. రెండోది, తరవాత నన్నేమీ అనొద్దని. ఇది రెండోది.

మట్టి తవ్వి, ఇటుక ముక్కలు పరిచి, దిమ్మిసాతో కొట్టేరు. మా ఆయన గోల్‌బజార్ వెళ్ళి చేతికర్ర అంత పొడుగున్న కొత్త స్పిరిట్ లెవెల్ కొని టోటో అనే బేటరీ రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేరు. దాన్ని దేవుడి మందిరంలో పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేరు. అంత పొడుగు వస్తువు పట్టడానికి లోపలున్న దేవుళ్ళు కాస్త సర్దుకోవలసి వచ్చింది.

కాంక్రీటు పోసే రోజుని ఇక్కడ ఢలాయి అంటారు. ఆ రోజు పనివాళ్ళకి మిఠాయి పెట్టడం రివాజు, నేను రసగుల్లాలు తెప్పించేను. ఇద్దరు కూలీలు కలుపుతున్నారు, మిస్త్రీ బద్దతో సాపు చేస్తున్నాడు. మా ఆయన ఒక చెక్క మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, పచ్చి కాంక్రీటు మట్టానికి బుగ్గ ఆనించి చూస్తున్నారు. "ఇక్కడ ఒక నూలు ఎత్తుంది" అంటారు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మిస్త్రీ తాపీతో రుద్దుతాడు. "ఇప్పుడు ఒక నూలు పల్లం." మళ్ళీ రుద్దుతాడు. మధ్యాన్నానికి మిస్త్రీ, "దాదా, బుగ్గ తీయండి, అంటుకుంటే మీతో సహా గట్టిపడిపోద్ది" అన్నాడు.

మర్నాడు గచ్చు మీద మట్టితో చిన్న చిన్న మళ్ళు కట్టి నీళ్ళు నిలబెట్టేరు, కాంక్రీటు పదును తాగాలని. అన్ని మళ్ళలోనూ నీళ్ళు ఒకే ఎత్తున అద్దంలా నిలిచేయి. ఆయన పక్కింటి బెంగాలీ దీదీని కేకేసి మరీ చూపించేరు. ఆవిడ చూసి, "ఖూబ్ షుందోర్" అని మెచ్చుకుని, "ఏం చేపలు వేస్తారు?" అని అడిగింది. పాపం, నిజంగానే అడిగింది.

పది రోజులు పోయేక మళ్ళు తీసి కడిగితే, నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. చెప్పుల్లేకుండా ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేను. అరికాళ్ళు తెల్లగా ఉన్నాయి. సాయంత్రం రెండు కుర్చీలు వేసుకుని కూచున్నాం. ఆయన నేల మీద గోళీ పెట్టి వదిలేరు. కదల్లేదు. నా వేపు చూసేరు. నేను కూడా మెచ్చుకున్నాను.

తరవాత వానాకాలం వచ్చింది.

మొదటి పెద్ద వాన గంటసేపు కురిసి ఆగింది. పెరటి తలుపు తీసి చూస్తే గచ్చంతా వేలెడు లోతు నీళ్ళు. గొట్టం దగ్గరున్న నాలుగు చుక్కలు కాలవలోకి పోయేయి. మిగతావి ఎక్కడివక్కడ, ఎటు పోవాలో తెలీక, ఎవరైనా చెబుతారేమోనని నిలబడి ఉన్నాయి. నేను ఆయన్ని పిలిచేను. వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసేరు. సిగ్గుపడతారనుకున్నాను.

"సూసినావా?" అన్నారు. "ఎటూ పోలేదు! అదీ లెవెల్ అంటే."

ఆ వానాకాలం మా పెరట్లో లేనిది పడవొక్కటే. దోమలొచ్చేయి, కప్పలొచ్చేయి. మట్టి ఉన్నప్పుడు మట్టిలో నడిచేదాన్ని, ఇప్పుడు సిమెంటు గచ్చు మీద ఇటుకలు పేర్చుకుని వాటి మీద గెంతుతూ బట్టలారేసేను. ఆయన రోజూ పొద్దున్నే వైపరుతో నీళ్ళు గొట్టం దాకా తోసేవారు. అడిగితే ఎక్సర్‌సైజ్ అనేవారు. తోసినవి పోయే లోపు పై నుంచి కొత్తవి వచ్చేవి. శ్రావణం వచ్చేసరికి గచ్చు మీద పాచి పచ్చగా పట్టింది.

ఓ పొద్దున్న నేను వంటింటి కిటికీ దగ్గర గంజి వారుస్తున్నాను. ఆయన వైపరు పట్టుకుని నాలుగడుగులు వేసేరు. అయిదో అడుగుకి కాళ్ళు రెండూ ముందుకెళ్ళిపోయేయి, మనిషి వెనకే ఉండిపోయేరు. నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వేను. ఆయన లేవలేదు. గంజి అక్కడే ఒదిలేసి పరిగెత్తి, నేనూ జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకుని చూస్తే ఆయన మొహం తెల్లగా పాలిపోయి ఉంది. అంత భయం నాకు ఎప్పుడూ వెయ్యలేదు. ఆ నవ్వు ఇప్పటికీ తలుచుకుంటాను.

పక్కింటి దీదీ టోటో పిలిచింది. ఇద్దరం పట్టుకుని ఎక్కించేం. దారంతా ఆయన నా చెయ్యి ఒదల్లేదు. ప్రతి గుంతకీ నా వేళ్ళు విరిగేలా నొక్కేవారు. ఒక పెద్ద గుంతలో పడ్డాక మూలుగుతూ, "ఈ రోడ్డు లెవెల్ సూడు" అన్నారు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. మనిషి బాగానే ఉన్నారు.

డాక్టరు ఎముక విరగలేదన్నాడు. మూడు వారాలు బోర్లా పడుకోమన్నాడు. నేను ఆ సాయంత్రమే మిస్త్రీకి కబురు పెట్టేను.

మిస్త్రీ వచ్చి పాచి చూసేడు, నన్ను చూసేడు, ముందే చెప్పేనని మాత్రం అనలేదు. అంటేనే బాగుండేది. చివరికి, పైన ఉలితో గంట్లు కొట్టి, కడిగి, దాని మీద వాలుతో ఇంకో పొర పోస్తే సరిపోతుందన్నాడు. వాన నాలుగు రోజులు తెరిపిస్తే చాలన్నాడు.

ఇక గదిలోకి వెళ్ళి మా ఆయనకి చెప్పాలి. దిండులో మొహం పెట్టుకుని పడుకున్నారు. చెప్పేను.

"ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వొరిగిపోయినవాటినే సూసినాను" అన్నారు దిండులోంచే. "మలుపుకి ఒక పక్క లేపాలి. సరిసేసిన సోట మళ్ళీ కుంగుతాది. సర్వీసంతా అదే. నా సొంతానిది ఒక్కటంటే ఒక్కటి ఎటూ వొరక్కుండా ఉండాలనుకున్నాను."

నాతో ఎప్పుడూ ఇలా మాట్లాడిన మనిషి కాదు. వీపు మీద చెయ్యి వేసి కూచున్నాను.

కొంచెంసేపటికి, "గళ్ళ కాగితం తే" అన్నారు. బోర్లా పడుకునే లెక్క వేసేరు. ఎంత దూరానికి ఎంత వాలు, ఎక్కడెక్కడ దారం కట్టాలి, అంతా. పట్టుకెళ్ళి ఇస్తే మిస్త్రీ కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివేడు. "గోడ కాడ మూడంగుళాలు" అన్నాడు. "దాదా లెక్క కరెక్ట్."

నేనొకటి అడిగేను. వంటగది గోడ వెంట రేకుల చూరు కింద వాన పడదు కదా, అక్కడ రెండడుగుల వెడల్పు మాత్రం లెవెల్‌గా ఉంచమన్నాను. ఎందుకని అడగలేదు మిస్త్రీ. ఉంచేడు.

గంట్లు కొడుతున్న రెండు రోజులూ ఆయన గదిలోంచి ఆజ్ఞలు జారీ చేస్తూనే ఉన్నారు. ఉలి చప్పుడుకి అవి ఎవరికీ వినబడలేదు. కొత్త పొర వచ్చేక వంటగది మెట్టు సగం మునిగింది. తడబడకుండా దిగడం అలవాటవడానికి నాకు నెల పట్టింది.

ఆయన లేచి తిరిగే నాటికి ఇంకా వానలున్నాయి. ఓ మధ్యాన్నం జోరుగా కురిసి వెలిసింది. ఇద్దరం తలుపు దగ్గర నిలబడ్డాం. నీళ్ళు బుద్ధిగా జామచెట్టు వేపు నడిచి, గొట్టంలో దూరి పోయేయి. "పోతన్నాది" అన్నారు, అంతే. వెళ్ళి చూరు కింద లెవెల్‌గా ఉన్న చోట కుర్చీ వేసుక్కూచున్నారు. ఆ చోటు ఎవరడిగి చేయించేరో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

దుర్గాపూజ సెలవుల్లో పక్కింటి దీదీ తమ పెరట్లో కూడా గచ్చు పోయించాలనుకుని సలహాకి వచ్చింది. మిస్త్రీని కూడా పిలిపించింది. మా ఆయన కాగితం పరిచి గంటసేపు వాలు గురించి చెప్పేరు. నీళ్ళకి చదువు లేదన్నారు. దారి మనమే చూపించాలన్నారు. "మిస్త్రీలు లెవెల్ లెవెల్ అంటారు దీదీ. మనమే గట్టిగా ఉండాలి."

నేను టీ ట్రేతో అక్కడే ఉన్నాను. నోరు తెరిచేను కూడా. మిస్త్రీ నా వేపు చూసి, ఊరుకోమన్నట్టు తల కొంచెం ఊపి, జామచెట్టు వేపు తిరిగి టీ తాగడం మొదలెట్టేడు. భుజాలు కదులుతున్నాయి. మిస్త్రీకి ఇంకో రెండు బిస్కట్లు పెట్టేను.