గుట్టల వెనక మొరం తొవ్వ

పాండురంగం రోడ్డు పని మనిషి. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా వరంగల్ రోడ్డుకు కంకర పరిచిన చేతుల్లో అతనివీ ఉన్నాయి. పద్దెనిమిదో ఏట తట్ట నెత్తికెత్తుకున్నవాడు, ముప్ఫై దాటేసరికి ఏ మొరం వానకు నిలుస్తుందో, ఏది బురదై జారుతుందో గుప్పిట్లో నలిపి చెప్పగలిగేవాడు. మాట తక్కువ. బోడుప్పల్‌లో అతని ఇంటి పక్కవాకిలే చెల్లెలు శారదది. ఆమె పెనిమిటి ఐలయ్య నాచారంలో కొత్తగా పెట్టిన మందుసీసాల కంపెనీలో పనివాడు. రోజూ పొద్దున్నే సైకిలెక్కి, వరంగల్ రోడ్డు మీదుగా ఉప్పల్ చేరి, అక్కణ్నుంచి నాచారం పోయేవాడు.

1967లో ఆ రోడ్డును వెడల్పు చేసే పని నడుస్తోంది. జ్యేష్ఠమాసంలో ఒకనాడు ఆరు బండ్ల కంకర వచ్చింది. రోడ్డు పక్క మట్టి అంచు మీద పోయమన్నాడు మేస్త్రీ. సైకిళ్లవాళ్లు లారీలకు తప్పుకుని నడిచేది ఆ అంచు మీదనే. పాండురంగం ఒక్క క్షణం ఆగాడు.

“సైకిళ్లు ఎట్ల పోతయి మేస్త్రీ?”

“రెండు దినాల్ల పరిచేస్తం గద. ఏం గాదు, పొయ్యి.”

పోశాడు. మూడోనాటి పొద్దున ఐలయ్య ఆ కుప్ప దగ్గర తారు మీదికి మళ్లాడు. వెనకనుంచి లారీ వచ్చింది.

అరమైలు దూరంలో పని చేస్తున్న పాండురంగం కేకలు విని పరుగెత్తాడు. అతను చేరేసరికే బావ ప్రాణం పోయింది. సైకిలు ముందు చక్రం ముడుచుకుపోయింది. టిఫిను డబ్బా మూత మాత్రం ఊడలేదు. తప్పు లారీ నడిపినవాడిదని పోలీసులు రాసుకున్నారు. కుప్ప మాట ఎవరూ ఎత్తలేదు. మర్నాడు ఆ కంకర పరిచేయమని మేస్త్రీ చెబితే, పాండురంగమే పార పట్టి మొత్తం పరిచాడు. ఆ నెలాఖరుకు రోడ్డు పని మానేసి, ఊరి వెనక గుట్ట మీద రాయి కొట్టే పనికి కుదిరాడు. ఎందుకని ఇంట్లో అడిగితే, “నడుం నొస్తుంది” అన్నాడు. రాయి కొట్టే పని నడుముకు సుఖమా అని ఎవరూ తిరిగి అడగలేదు.

దినాలు అయ్యాక కంపెనీవాళ్లు కబురు పెట్టారు. ఐలయ్య స్థానంలో శారదకు పని ఇస్తామన్నారు. సీసాలు కడిగే పని, ఏడింటికల్లా గేటు దగ్గర ఉండాలి. ఆ వేళకు బస్సు అందదు. శారద వాకిట్లో కూర్చుని ఒకటే మాట అన్నది.

“పని జేస్త. ఆ రోడ్డు మీంచి మాత్రం పోను అన్నా. సచ్చినా పోను.”

పాండురంగం తల ఊపి వెళ్లిపోయాడు. గుట్ట మీదినుంచి రాళ్లబండ్లు దిగే బాట ఒకటి ఉత్తరంగా పోతుంది. అది సగంలో, ఒక వాగు దగ్గర ఆగిపోతుంది. వాగు దాటి రెండు చిన్న గుట్టల సందున నడిస్తే మల్లాపూర్, మల్లాపూర్ దాటితే నాచారం. మేకలు కాచేవాళ్లు తప్ప అటు ఎవరూ తిరగరు. రోజూ పని దిగాక, పొద్దు గుంకేలోపు ఆ బాట మీద పడ్డాడు. తుమ్మకంప నరికాడు. వాగు గట్లు చెక్కి ఏటవాలు చేశాడు. గుట్ట దక్షిణపు వాలులో చింతగింజలంత గులకలతో ఎర్రటి మొరం ఉంది. దాన్ని తట్టలతో మోసి పరిచి, దిమ్మిసతో కొట్టి గట్టి చేశాడు. మూడు నెలలు పట్టింది. అంతవరకు శారద చీకటితో లేచి, మేకల దారి వెంట నడుచుకుంటూనే పనికి పోయి వచ్చింది.

బాట అయ్యాక, ఐలయ్య సైకిలుకు కొత్త చక్రం వేయించి చెల్లెలి వాకిట్లో నిలబెట్టాడు.

“నేర్సుకో.”

శారద సైకిలు వంక చూసింది. దాని సీటు ఐలయ్య కూర్చుని కూర్చుని ఒకవైపు అరిగి ఉంది. “ముప్ఫయ్యేండ్ల ముండమోపిని, సైకిలు తొక్కితే ఊరు నవ్వదా?”

“నవ్వనియ్యి. గుట్ట ఎనక ఎవలుంటరు? జర ధైర్నం జెయ్యి.”

గోచీ పోసి కట్టుకుని, అడ్డకమ్మీ కిందినుంచి కాలు దూర్చి తొక్కడం మొదలుపెట్టింది. మొరం మీద పడితే చర్మం గీసుకుపోతుంది. మొదటి వారమే మోకాళ్లు రెండూ పుండ్లయ్యాయి. ఒకసారి పడ్డచోటే కూర్చుని ఏడ్చింది. అది దెబ్బకు వచ్చిన ఏడుపు కాదని పాండురంగానికి తెలుసు. దూరంగా నిలబడి, ఆమె ఆపేదాకా గుట్ట వంక చూస్తూ ఉండిపోయాడు. కార్తీకమాసం నాటికి ఆమె సీటు మీద కూర్చుని, ఎవరూ పట్టుకోకుండా వాగు దాటింది.

ఊళ్లో నవ్వినవాళ్లు నవ్వారు. అయితే ఆ ఏడాది తిరిగేలోపు నవ్వినవాళ్ల మొగవాళ్లే ఆ బాట పట్టారు. లారీ లేదు, హారన్ లేదు. రెండు పక్కలా సీతాఫలం పొదలు, తంగేడు. కంపలోంచి కౌజు పిట్టలు లేచిపోయే చప్పుడు, టైరు కింద మొరం నలిగే చప్పుడు, అంతే. బోడుప్పల్ నుంచి, పీర్జాదిగూడ నుంచి ఇరవై, ముప్ఫై సైకిళ్లు వరసగా పోయేవి.

రెండో వానాకాలం వాగు గట్టు కోసుకుపోయింది. ఒక ఆదివారం అన్నాచెల్లెళ్లిద్దరే దాన్ని సరిచేస్తున్నారు. తట్ట ఎత్తబోతూ పాండురంగం ఆగిపోయాడు.

“చెల్లె, బావ పోయిన కాడ కంకర కుప్ప ఉండె గద. అది పోసింది నేనే. సైకిళ్లకు అడ్డమైతదని తెలిసే పోసిన.”

శారద చేతిలోని పార కింద పెట్టింది. సైకిలు తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. పదకొండు రోజులు అతనితో మాట్లాడలేదు. పొద్దున పనికి పోతూ అతని వాకిలి వంక చూసేది కాదు. పన్నెండో రోజు సాయంత్రం వచ్చి గడప దగ్గర నిలబడింది.

“ఎందుకు జెప్పినవ్? నీ బరువు దించుకుందామనా?”

“ఏమో. దాసుకోలేకపోయిన.”

“ఇగ నేను మొయ్యాలె.” పోబోయి, మళ్లీ తిరిగింది. “మాఫ్ జేసిన అనుడు నాకు రాదు అన్నా. అబద్ధమైతది. వాగు పని సగంల ఉంది. ఐతారం వస్త.”

చెప్పినట్టే ఆదివారం వచ్చింది. ఆ మాట మళ్లీ వాళ్లిద్దరి మధ్య రాలేదు. పోయిందనీ కాదు.

1974లో మల్లాపూర్ వైపు నేల కొన్నారు గుంటూరు నుంచి వచ్చిన జనార్ధనరావు గారు. ద్రాక్షతోట వేసి చుట్టూ ముళ్లతీగె కట్టించారు. బాట తెగిపోయింది. వారం రోజులు సైకిళ్లన్నీ మళ్లీ వరంగల్ రోడ్డెక్కాయి. శారద మాత్రం చీకటితో లేచి, గుట్ట చుట్టూ నడిచే పోయింది. ఎనిమిదో నాడు పదిమందిని వెంటబెట్టుకుని తోటకు వెళ్లింది. పాండురంగం అందరికంటే వెనక నిలబడ్డాడు.

“చూడమ్మా,” అన్నారు జనార్ధనరావు, “రోజూ నలభై సైకిళ్లు నా తోటలోంచి పోతే గుత్తులు మిగులుతాయా? పెద్ద రోడ్డు ఉందిగా, తారు రోడ్డు.”

“ఆ రోడ్డు మీదనే మా ఆయన పోయిండు సార్. లారీ కింద పడి.”

“అయ్యో. కానీ అది లారీవాడి తప్పు. నన్నేం చేయమంటావు?”

అప్పుడు పాండురంగం మనుషులను తప్పించుకుంటూ ముందుకొచ్చాడు. “లారీవాని తప్పొక్కటే గాదు సార్. తొవ్వకు అడ్డం కంకర పోసింది నేను. మేస్త్రీ జెప్పిండని పోసిన. రెండు దినాలే గద అనుకున్న.” ముళ్లతీగె వైపు చెయ్యి చూపాడు. “మీరు గూడ అడ్డం కట్టిన్రు. మీకు తెల్వక కట్టిన్రు. తెలిసినంక ఉంచకున్రి.”

పదిమంది ముందు అతను ఆ మాట అనడం అదే మొదలు. పక్కనున్నవాళ్లు అతని ముఖం వంక చూడలేకపోయారు. జనార్ధనరావు భార్య కనకమహాలక్ష్మి లోపలినుంచి చెంబుతో నీళ్లు తెచ్చి ముందుగా శారదకే ఇచ్చింది. భర్త వైపు తిరిగి, “ఉత్తరపు అంచంతా బండలేగా, అక్కడ పందిరి ఎటూ నిలవదు” అన్నది.

జనార్ధనరావు ఉత్తరపు అంచు వంక చూశారు. “సరే. తీగె లోపలికి జరిపిస్తాను. ఆ బండల్లో బాట మాత్రం మీరే వేసుకోవాలి.”

నాలుగు ఆదివారాలు ముప్ఫైమంది పని చేశారు. బండ పగలగొట్టింది పాండురంగమే.

ఏడేళ్ల రాతిదుమ్ము అప్పటికే అతని ఊపిరితిత్తుల్లోకి దిగింది. 1977 వచ్చేసరికి నాలుగడుగులు వేస్తే ఆయాసం. వారానికోసారి నాచారంలో దవాఖానాకు పోవాలి. శారదే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, ఈ బాట మీదనే తీసుకుపోయేది. ఎత్తు వచ్చినచోట తను దిగి, సైకిలు తోసుకుంటూ నడిచేది. అతను ఆమె భుజం పట్టుకుని, కళ్లు మూసుకుని, చక్రం కింద చప్పుడు వింటూ ఉండేవాడు.

“గీడ మొరం పల్చబడ్డది చెల్లె.”

“ఊకె కూసో అన్నా. దగ్గొస్తది.”

“వానకు ముందే పొయ్యాలె. దక్షిణం దిక్కు మొరమే తేవాలె. తెల్లది తేకు, జారుతది.”

“తెస్త.”

ఆ మార్గశిరంలో అతను పోయాడు. శవాన్ని తీసుకుపోతున్నప్పుడు కంపెనీ మనుషులు సైకిళ్లు నడిపించుకుంటూ వెంట నడిచారు. మరుసటి వైశాఖంలో, ఇంకా మబ్బు పట్టకముందే, శారద గుట్ట దక్షిణపు వాలుకు తట్ట పట్టుకుని వెళ్లింది. ఆ సాయంత్రం పని దిగి వస్తున్నవాళ్లు ఒక్కొక్కరే సైకిళ్లు పక్కన పడుకోబెట్టి, అడగకుండానే తట్టలందుకున్నారు.