రెండో చరణం దాకా

మార్కుల విషయంలో నేను పరమ పిసినారిని. పదికి ఎనిమిది దాటి ఏ పాటకీ వేసిన పాపాన పోలేదు. జూబ్లీహిల్స్‌లో కొత్తగా వెలిసిన సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా ఉద్యోగమే తప్పులు పట్టడం. ఇంట్లో మాత్రం ఊరుకుంటానా? శనివారం సెలవు. పొద్దున ఎఫ్ఎంలో గంటసేపు తొంభైల నాటి పాటలు వేసేవారు. యూసుఫ్‌గూడలో మేం అద్దెకున్న పై వాటాలో, వంటింటి గట్టు మీద రేడియో, నా ఒళ్లో డైరీ. పల్లవి విని మార్కులు వేసేదాన్ని. అయిదు రాకపోతే స్టేషన్ మార్చేసేదాన్ని.

అమ్మకి నా మార్కులతో పని లేదు. ఆవిడ తన గొంతు కోసం వినేది.

భీమవరం చర్చిలో పాడుతూ పెరిగిన అమ్మ, నా చిన్నప్పుడు ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో కోరస్‌కి వెళ్లేది. కోరస్ వాళ్లకి వాళ్ల ముక్క వరకే నేర్పి, పాడించుకుని పంపేసేవారు. అసలు పాట తర్వాతెప్పుడో ఇంకెవరో పాడతారు. సినిమాకి అప్పటికి పేరు కూడా ఉండదు, కాగితం మీద ‘ప్రొడక్షన్ నంబర్ వన్’ అని ఉంటుంది. ఒకరోజు మిగతా వాళ్లని పంపేసి, అమ్మని ఒక్కదాన్నే ఉండమని ఒక ఆలాపన పాడించారట. మైకు ముందు ఆవిడ ఒంటరిగా నిలబడింది ఆ ఒక్కసారే. అది ఏ పాటలోకో అడగడానికి నోరు రాలేదట. ఆ రాగాన్ని మాత్రం ఉల్లిపాయలు తరుగుతూ రోజూ తీసేది.

“అసలు ఉంచారో, తీసేశారో” అనేది.

ఆ శనివారం ఒక పాట మొదలైంది. మొదటి లైనుకే నాకు ఒళ్లు మండింది.

“మూడు. అదీ దయతలిచి. ఇంత చెత్త పాటలో నువ్వెందుకుంటావమ్మా?”

“అవునే, కట్టెయ్” అంది అమ్మ, కత్తిపీట ముందు నుంచే.

బటన్ మీద చెయ్యి వేశానో లేదో, కింది వాటా ఓనరమ్మ కరివేపాకు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“బంద్ చెయ్యకు బిడ్డా, జర ఉండనియ్యి. గీ పాట నాకు మస్తు ఇష్టం.”

ఓనరమ్మ మాట కాదనే ధైర్యం అద్దెకున్నవాళ్లకి ఎక్కడిది? పళ్లు బిగబట్టి మొదటి చరణం భరించాను. అది అయ్యాక వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఒక ఆడగొంతు ఒంటరిగా లేచింది. మా వంటింటి రాగమే. కానీ ఇంట్లో ఎప్పుడూ గొంతులోనే నలిగే ఆ రాగం ఇక్కడ నిండుగా, బెదురు లేకుండా పైకి వెళ్లి, అక్కడే నిలబడింది. ఇరవై మూడేళ్లు ఈ మనిషి చేతి అన్నం తింటూ, ఆవిడలో ఇంత ఉందని నాకు తెలియలేదు. అమ్మ చేతిలో సగం తరిగిన ఉల్లిపాయ అలాగే ఉంది. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు.

“గీమె ఎవరో గానీ, పానం లేచొస్తది” అంది ఓనరమ్మ. “గీ ముక్క కోసమే నేను పాటంతా ఇంటుంట.”

“నేనేనండీ” అంది అమ్మ, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ఓనరమ్మ కాసేపు అమ్మనీ రేడియోనీ మార్చి మార్చి చూసింది. కరివేపాకు పక్కన పడేసి, అమ్మ ఎదురుగా నేల మీద చతికిలబడింది.

“ఇన్నేండ్ల సంది గా గొంతు నా ఇంట్లనే ఉన్నదా!”

అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది.

నేను డైరీ తీశాను, ఆ మూడు కొట్టేద్దామని. ఆ పాట పేరు ఇంతకుముందు ఎక్కడో రాసినట్టు అనిపించి పేజీలు వెనక్కి తిప్పాను. నాలుగు చోట్ల ఉంది. నాలుగు చోట్లా మూడే. నాలుగుసార్లు నా చేత్తో నేనే, అమ్మ నోరు తెరిచే లోపు రేడియో నోరు నొక్కేశాను.

అమ్మ నా భుజం మీంచి ఆ పేజీ చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

“పోనీలేవే” అంది కళ్లు తుడుచుకుంటూ. “తీసెయ్యలేదు కదా.”