పటాలమ్మ గీసిన చెరువు హద్దు

నీటి సరఫరా ఆఫీసులో ఆమెను అందరూ పటాలమ్మ అంటారు. పైపులైన్ల పటాలు గీసే ఉద్యోగం కాబట్టి ఆ పేరు. కొత్తగా చేరినవాళ్లు మాత్రం, ఈవిడ సైనిక పటాలంలో పనిచేసి వచ్చిందేమోనని కొన్నాళ్లు భయభక్తులతో మెలిగేవారు.

ఊరికి తాగునీరిచ్చే చెరువు ఏటా కొన్ని నెలలు నాచుపట్టి కంపు కొట్టేది. ఆ ఫిర్యాదులు వినీ వినీ విసిగిన పటాలమ్మ, విశ్వవిద్యాలయంలో ఒక వర్క్‌షాపు జరుగుతుందని తెలిసి పేరిచ్చింది. ఉపగ్రహాలు తీసిన భూమి చిత్రాలను, జట్లుగా కూర్చుని ప్రోగ్రాములు రాసి పరిశీలించే వారం రోజుల పని అది. పెళ్లికి ముందు కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకుంది గానీ, ఆ చదువు ఎప్పుడో అటకెక్కింది.

"పైనుంచి మన చెరువు కనిపిస్తుందా?" అని అడిగింది అత్తగారు.

"కనిపిస్తుంది అత్తయ్యా."

"అయితే మేడ మీద నేను ఆరేసిన చీరలు కూడా చూస్తారన్నమాట! వాళ్లకేం పనీపాటా లేదా?"

వర్క్‌షాపు హాల్లో గుండ్రటి బల్లలు, నేలంతా కరెంటు తీగలు. పటాలమ్మ జట్టులో మరో ఇద్దరు: నాచు మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి, బవిరిగడ్డం సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. చెరువు హద్దు గీసే పని పటాలమ్మ తీసుకుంది. కళ్లు మూసుకుని గీయగలదు మరి! ఆ గీత లోపల ఎంత మేర పచ్చబడిందో ప్రోగ్రాము లెక్కగట్టాలి.

మండువేసవిలో సగం చెరువు నాచేనని తేలింది. గడ్డం ఇంజనీరు చప్పట్లు కొట్టాడు. పరిశోధక అమ్మాయి మాత్రం తెర మీదకు వంగి చూసింది.

"మేడం, ఇది గడ్డేమోనండీ. నీళ్లు తగ్గాక ఒడ్డున మొలిచింది కూడా చెరువులో కలిపేశామేమో."

"అంటే నేను గీసింది తప్పా? మా ఆఫీసు పటాల్లో ఇదే గీతమ్మా!"

"తప్పు కాదండీ. నిండుగా ఉన్నప్పటి గీత అది. వేసవిలో అంత నీరుండదు కదా."

పటాలమ్మ మొహం చిన్నబోయింది. వరండాలోకి పోయి, తాగని మంచినీళ్ల గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది: వేసవిలో ఆఫీసు బస్సులోంచి తను రోజూ చూసే పశువులు. సరిగ్గా తన గీత లోపలే మేస్తుంటాయవి. కోపం దిగిపోయి నవ్వొచ్చింది. నేరుగా లోపలికి వచ్చింది.

"నువ్వన్నదే నిజం తల్లీ. అక్కడ పశువులు మేస్తాయి. నీళ్ల మీద నడిచే పశువులైతే ఎక్కడా లేవు కదా!"

ముగ్గురూ పగలబడి నవ్వారు.

"అయితే నీళ్లెక్కడున్నాయో ప్రోగ్రామే కనిపెట్టాలి" అన్నాడు గడ్డం ఇంజనీరు. "మీరే రాయండి మేడం, నేను పక్కన కూర్చుంటా."

రాడార్ చిత్రాల్లో నునుపైన నీళ్లు నల్లగా, గరుకైన గడ్డి తెల్లగా కనిపిస్తాయని అమ్మాయి చూపించింది. పటాలమ్మ తడుముకుంటూ రాసింది. బ్రాకెట్ మరిచిపోయినప్పుడల్లా తెర ఎర్రక్షరాలతో కసిరేది. దిద్దేది, మళ్లీ రాసేది. చివరికి ప్రోగ్రాము ఏ నెల హద్దు ఆ నెలకు దానంతటదే గీసింది. లెక్కలోంచి వేసవి నాచు చాలామటుకు మాయమైంది. మిగిలిన పచ్చమరక తొలి వానలప్పుడు, ఉత్తరపు కాలువ కలిసేచోట మొదలై లోపలికి పాకుతోంది.

ఆ బొమ్మలు చూసి నీటి సరఫరా ఆఫీసు పెద్ద ఇంజనీరు తలూపాడు. "పైనుంచి చూశారు, సరే. కింద కూడా చూడాలిగా. వానలు పడగానే పడవ ఏర్పాటు చేస్తా, మీరూ వెళ్లండి."

ఇన్నేళ్లుగా గీస్తున్న చెరువులోకి ఆమె దిగడం అదే మొదటిసారి. ఒక చేత్తో పడవ అంచు గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో కాలువ మొగ దగ్గర సీసాలు ముంచింది. పరీక్షల్లో బొమ్మ చెప్పిందే రుజువైంది: నాచుకు మేత ఆ కాలువ మోసుకొచ్చే మురుగే. కాలువ మురుగు చెరువులో కలవకముందే తేరుకునేలా ఒక కుంట తవ్వించారు.

మరుసటి ఏడు కంపు పూర్తిగా పోలేదు, తగ్గింది. తెర మీద మరక చిన్నదవగానే పటాలమ్మ పరిశోధక అమ్మాయికి ఫోన్ చేసింది.

"అప్పుడే పొంగిపోకండి మేడం, ఇంకో ఏడాది చూద్దాం."

"చూద్దాంలేమ్మా. ఇవాళ్టికి మాత్రం నన్ను పొంగిపోనీ!"