వసారా గూట్లో చీనా పళ్ళాలు

కిందటి మాఘమాసంలో నా చిన్నప్పటి నేస్తం కోటేశు కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశం చేసినప్పుడు, నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, నీలం బొమ్మల పింగాణీ పళ్ళెంలో అన్నం పెట్టించి, మా నాయనమ్మ మంచితనాన్ని బంధువులందరికీ చెబుతూ ఉంటే నేను నోరు విప్పలేదు. అతను చెబుతున్నది నిజం కాదని ఆ పందిట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ అబద్ధం అతనికి చెప్పినవాణ్ణి కూడా నేనే. పప్పన్నం కలుపుకుని, తల వంచుకుని తిని, చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

వేడి అన్నం తగిలితే పింగాణీకి ఒక వాసన వస్తుంది. ఎండకు కాగిన నాపరాయి మీద నీళ్ళు చల్లితే వచ్చేలాంటి వాసన. ఆ రోజు నెయ్యి వాసనతో పాటు అదీ ముక్కుకు తగిలింది. పళ్ళెం కొత్తది. హైదరాబాదులో పెద్ద దుకాణంలో వెతికి వెతికి ఆ రకమే కొన్నానని కోటేశు చెప్పాడు. తెల్లటి పళ్ళెం అంచున నీలం అల్లిక, మధ్యలో ఒక వంతెన, వంతెన మీద మనుషులు, అంతస్తులంతస్తులుగా పైకి పోయే గోపురం లాంటి కట్టడం, నీళ్ళ మీదికి వాలిన చెట్టు, పైన ఎగురుతున్న పిట్టల జత.

"మా చిన్నప్పుడు ఏ ఆసామి ఇంటికి పోయినా ఆకులో పెట్టేవోళ్ళు, లేకపోతే గిన్నె తెచ్చుకోమనేవోళ్ళు," అన్నాడు కోటేశు అందరికీ వినబడేటట్టు. "వీళ్ళ నాయనమ్మ నాకు చీనా పళ్ళెంలో పెట్టింది. ఆళ్ళేమో స్టీలు కంచాల్లో తినేవోళ్ళు. గొప్పోళ్ళంటే ఆళ్ళు."

"అట్టయితే ఇయ్యాల సాంబయ్యకు చీనా పళ్ళెం, నీకు స్టీలు కంచమూనా? మర్యాద తెలిసినోడివే," అని వాళ్ళ పిన్ని ఒకామె అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా ఊరు నరసరావుపేటకు దగ్గర. సాగరు డ్యాము కడుతున్న రోజుల్లో మా తాతయ్య మాచర్ల వైపు రాళ్ళు తోలించే కంట్రాక్టు చేసేవాడట. ఆ పని ముగించుకుని ఊరికి తిరిగొచ్చేటప్పుడు, అక్కడి బంగళాలో ఉండే ఇంజనీరెవరో బదిలీ మీద పోతూ సామాను అమ్మేస్తుంటే, ఈ పళ్ళాలు ముచ్చటపడి కొని, పెట్టెలో వరిగడ్డి పరిచి, ఒక్కటి కూడా పగలకుండా బండి మీద ఇల్లు చేర్చాడు. చైనా బొమ్మల్ని చూసి ఇంగ్లండులో ఎవరో అచ్చు వేసినవే తప్ప అవి చైనావి కావని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మా ఇంట్లో మాత్రం అవి చీనా పళ్ళాలే.

తాతయ్య తెచ్చిన పళ్ళాల్ని నాయనమ్మ గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. ఇత్తడిని చింతపండుతో, కంచును బూడిదతో తోమితే ఎంగిలి పోతుందట. పింగాణీ కాల్చిన మట్టి కాబట్టి ఎంత తోమినా ఎంగిలి పోదని ఆవిడ నమ్మకం. ఆ మాటకొస్తే ఆవిడ ఊరగాయలన్నీ వంటింట్లో పింగాణీ జాడీల్లోనే ఉండేవి. ఒకసారి నేను ఆ సంగతి అడిగితే, "జాడీలో ఎవడన్నా కూర్చుని అన్నం తింటాడేందిరా," అని నా నోరు మూయించింది. అందుకని చీనా పళ్ళాలు వసారా గోడ గూట్లో చేరాయి. తాతయ్య బతికున్నన్నాళ్ళు ఆఫీసర్లు వస్తే వాటిలో ఫలహారం పెట్టేవారు. తాతయ్య పోయాక ఆఫీసర్లు రావడం మానేశారు. అప్పటినుంచి వంటింటి వైపు రానివ్వని మనుషులకు, అంటే లారీ డ్రైవర్లకూ పశువుల డాక్టరు వెంట వచ్చే మనిషికీ, ఆ పళ్ళాలు పెట్టేవారు. తిన్నవాళ్ళు తమ పళ్ళెం తామే కడిగి, గూట్లో బోర్లించి వెళ్ళాలి.

కోటేశు వాళ్ళ నాన్న మా ఊరి గుట్ట మీద క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. వాళ్ళ కులం పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లో ఆ పేరును ఎట్లా పలికేవారో నాకు గుర్తుంది. కోటేశూ నేనూ ఒకే బెంచీ. బడి వదిలితే గుట్ట కింద బిళ్ళంగోడు ఆడేవాళ్ళం. మాఘం వచ్చిందంటే ఊరిచుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉంటే, ఆ ఘాటుకు తుమ్ముకుంటూనే వాటి గట్ల మీద పరుగులు తీసేవాళ్ళం, ఎండలు ముదిరితే చింతచిగురు కోసి లాగు జేబుల్లో కుక్కుకుని ఉప్పూ కారం అద్దుకుని నాలుక మండేదాకా తినేవాళ్ళం, శివరాత్రికి కోటప్పకొండ తిరణాలకు పోయి జీళ్ళు పళ్ళకు అంటుకుపోయి మాట రాక ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకునేవాళ్ళం. బయట నన్ను ఒరేయ్ అని పిలిచే కోటేశు మా వాకిట్లో అడుగుపెట్టగానే ఏ పేరుతోనూ పిలిచేవాడు కాదు.

ఆడి ఆడి ఆకలేసి మా ఇంటికి వస్తే నాయనమ్మ వాణ్ణి వసారాలో కూర్చోబెట్టి, గూట్లోంచి పళ్ళెం తీసుకోమని, పైనుంచి అన్నం వడ్డించేది. జొన్నన్నం, గోంగూర, మీద ఒక చుక్క నూనె. లేకపోతే పండుమిరపకాయ పచ్చడి, చిక్కటి మజ్జిగ. పెట్టడంలో లోటు చేసేది కాదు, కొసరి కొసరి వేసేది. వాడు అన్నాన్ని ఒక పక్క నుంచి తింటూ పోతుంటే కింద నీలం బొమ్మలు కొంచెం కొంచెంగా బయటపడేవి. ముందు చెట్టు, తర్వాత పిట్టలు. మెట్లు మెట్లుగా పైకి పోయే ఆ కట్టడం ప్రభ అని తేల్చింది వాడే. మా ఊళ్ళో వెదుళ్ళు కట్టి, గుడ్డలు చుట్టి, తిరణాలకు బండి మీద తోలుకుపోయే ప్రభ అచ్చం అట్లాగే ఉండేది. వంతెన మీద మనుషులు కొండకు పోతున్నారని, వెనకవాడు చేతిలో పట్టుకున్నది చెరుకుగడ అని, పడవలోవాడు ప్రభ మునిగిపోతుందని భయపడుతున్నాడని రోజుకో కథ కట్టేవాడు. నా స్టీలు కంచంలో చూసుకోవడానికి నా మొహం తప్ప ఏమీ ఉండేది కాదు. నాకు వాడి మీద అసూయగా ఉండేది.

ఒకరోజు నాయనమ్మ దొడ్లో ఉన్నప్పుడు గూట్లోంచి ఒక పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి అన్నం పెట్టుకున్నాను. ఆవిడ వచ్చి చూసి నా చెంప మీద ఒక్కటి కొట్టింది. కుండలో అన్నమంతా గొడ్లకు వేయించి, నా చేత తలస్నానం చేయించి, తడి జుట్టు తుడుస్తూ మెల్లగా చెప్పింది. "అందులో ఎవరెవరు తింటారో ఎరగవంట్రా? అయి మనయి కావు. ఆళ్ళకి పెట్టేయి." అప్పటిదాకా వాటి అందం ఒక్కటే తెలిసిన నాకు ఆ రోజు అంతా అర్థమైంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే కోటేశు అడిగాడు. గుట్ట కింద కూర్చుని ఉన్నాం. "ఏందిరా, మీరు స్టీలు కంచాల్లో తిని నాకు అంత మంచి పళ్ళెం పెడతారు?" వాడి గొంతులో అనుమానం లేదు, ఆశ్చర్యమే ఉంది. నిజం చెబితే రేపటినుంచి రాడేమోనని నాకు భయం వేసింది. "అయి ఇంజనీర్లు తిన్న పళ్ళాలురా. గొప్పోళ్ళకీ, మాకు బాగా ఇష్టమైనోళ్ళకీ పెడతాం," అన్నాను. "మరి కడగమంటారేంది?" అన్నాడు. "పగిలిపోతాయని పనివాళ్ళని ముట్టుకోనివ్వం. నీ మీద నమ్మకం," అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది.

వాడు ఆ మాట ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మ నాగమ్మతో చెప్పాడు. నాగమ్మ ఊరంతా చెప్పుకుంది. అప్పుడే వాళ్ళ వీధిలో, ఆసాముల వసారాల్లో తిని ఎంగిలి పళ్ళాలు కడిగిపెట్టి రావడం ఇక మానేద్దామని మాటలు నడుస్తున్నాయి. ఆ మాట ముందుగా అన్నది నాగమ్మ అన్న అంకయ్య. ముప్పాళ్ళ వైపు క్వారీల్లో పనిచేసి వచ్చిన మనిషి. ఆయన చెల్లెలి ఇంటికి వచ్చి మేనల్లుణ్ణి మా ఇంటికి పంపొద్దన్నాడు. వారం తిరక్కుండా నాగమ్మ మా వసారా అలకడానికి వచ్చి, పేడనీళ్ళ బకెట్టు కింద పెట్టి నాయనమ్మతో చెబుతుంటే నేను పక్కనే చదువుకుంటున్నాను.

"కడిగి బోర్లించి రమ్మన్న పళ్ళెం మర్యాదెట్టా అవుద్దే, అది వెలి, అంటాడమ్మగోరూ మా అన్న. నా బిడ్డంటే మీకు ఎంత ఇదో ఆయనకేం తెలుసు? సాంబయ్యబాబే మావోడికి చెప్పాడంట, ఇష్టమైనోళ్ళకే పెడతామని. కళ్ళల్లో నిప్పులు పోసుకునే అన్న నాకొద్దు, మా గడప తొక్కొద్దని చెప్పేశాను."

నాయనమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తి ఒకసారి నా వైపు చూసింది, మళ్ళీ చెరగడంలో పడింది. "అన్నాచెల్లెళ్ళకు తగువులెందుకే," అని మాత్రం అంది. నేను పుస్తకంలోకి చూస్తూ ఊరుకున్నాను. నాగమ్మ ఆ రోజు వసారాతో పాటు, ఎవరూ చెప్పకుండానే, గొడ్లచావిడి కూడా అలికి వెళ్ళింది.

ఆ అన్నాచెల్లెళ్ళు మళ్ళీ కలవలేదు. కోటేశు పెళ్ళి మేనమామ లేకుండానే జరిగింది. నేను చదువుకని ఊరు వదిలి గుంటూరులో ఉద్యోగంలో చేరాను. సెలవులకు వెళ్ళినప్పుడల్లా నాగమ్మ ఎదురై, "మీ ఇంటి అన్నం తిన్నోడు బాబూ, అందుకే పైకొచ్చాడు," అనేది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆవిడ సంతోషం ఎందుకు చెడగొట్టాలి అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. నిజానికి నేను కాపాడుకున్నది నా పరువు.

గృహప్రవేశం తర్వాత నాకు తిండి సయించలేదు. కొద్దిరోజులు చూసి కోటేశు దగ్గరికి వెళ్ళాను. అతనికి ఇప్పుడు టిప్పర్లున్నాయి. లారీలు తూచే కాటా పక్కన రేకుల గదిలో కూర్చుని ఉన్నాడు. దుమ్ములో లారీలు వచ్చి పోతుండగా జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను టేబుల్ మీద దుమ్మును వేలితో గీశాడు.

"నాకు చెప్పినప్పుడు నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"పెద్దయినాక నాకు అనుమానం రాలేదంటావా? చానాసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా, సాంబా చెప్పాడు గదా, వాడు నాకు అబద్ధం చెప్పడులే అనుకునేవాణ్ణి."

మళ్ళీ అతనే అన్నాడు. "మా అమ్మ పోయినప్పుడు అంకయ్య మామ పుట్టింటి చీర పంపించాడ్రా. తను రాలా. గడప తొక్కొద్దందిగా మరి." లేచి కారు తాళాలు తీసుకున్నాడు. "నాకు చెప్తే చాలదు. పద."

అంకయ్య ఇప్పుడు ముప్పాళ్ళలోనే ఉంటున్నాడు. మా ఊరి పక్కనుంచే వెళ్ళాం. మేము బిళ్ళంగోడు ఆడిన గుట్ట లేదు. దాన్ని తవ్వి తవ్వి గొయ్యి చేశారు, గోతిలో పచ్చటి నీళ్ళు నిలిచాయి. మా ఇల్లు అమ్మేశాం, కొన్నవాళ్ళు పడగొట్టి మిరపకాయల కొట్టు కట్టుకున్నారు. మిగిలిన పళ్ళాలు పాతసామాన్లవాడు పట్టుకుపోయాడు. నాయనమ్మ లేదు, నాగమ్మ లేదు. నేను చెప్పవలసినవాళ్ళలో మిగిలింది ఒక్కడే.

అంకయ్య ఇంటి ముందు వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా వంగిపోయాడు. నేను ఏ ఇంటివాణ్ణో కోటేశు చెప్పగానే నా మొహం వైపు చూడటం మానేసి వీధి వైపు చూశాడు. నేను ఆయన ముందు నేల మీద కూర్చుని, నెమ్మదిగా మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మెల్లగా చెప్తావేందయ్యా? ఆ రోజు ఆ వీధిలో అందరూ ఇనేటట్టు నన్ను కళ్ళల్లో నిప్పులు పోసుకునేవోణ్ణి అంది మా నాగి. గట్టిగా చెప్పు. ఇంట్లోవోళ్ళు కూడా ఇనాల."

కొడుకులు, కోడళ్ళు బయటికి వచ్చారు. పక్కింటివాళ్ళు దడి దగ్గర నిలబడ్డారు. కోటేశు నా వెనక నిలబడి ఉన్నాడు. గూట్లో పళ్ళాలు ఎందుకుండేవో, కోటేశుకు నేనేం చెప్పానో, నాగమ్మ మా వసారాలో ఏమన్నదో, ఒక్కటీ వదలకుండా, గొంతు పెంచి చెప్పాను.

"మీరన్నది నిజం. అది వెలే. నాకు తెలిసి కూడా మర్యాదని చెప్పాను. మీ చెల్లెలు మిమ్మల్ని కాదని నా మాట నమ్మింది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ నేను నోరు విప్పలేదు. నన్ను క్షమించండి, అంకయ్యగారూ."