మూయించిన గుమ్మం, మొలవని తోటకూర

దయ్యాలు లేవని చెప్పి ముప్పయ్యేళ్లు జీతం తీసుకున్నదాన్ని నేను. తెనాలిలో సైన్సు టీచర్ని. స్కూలు వెనక ఏదో కనబడిందని కథలు చెప్పే పిల్లలను బెంచీ ఎక్కించేదాన్ని. ఇది చదివితే వాళ్లు నన్ను ఎక్కించినా ఎక్కిస్తారు.

నా రిటైర్‌మెంటుకు కొద్ది నెలల ముందు, రేపల్లె దాటాక ఒక పల్లెలో పాత పెంకుటిల్లు కొన్నాం. కూరగాయలు పండించుకుంటూ బతకాలని మా ఆయన ముచ్చట. కొన్న రెండు నెలలకే గుండెపోటుతో పోయారు.

నేను ఏడవలేదు. పెద్దకర్మ నాడు కూడా ఏడవలేదు. వచ్చినవాళ్లంతా నా మొహంకేసి చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. లోపల దూది కుక్కినట్టుంది, అంతే. ఎవరు ఏమన్నా సరే అనేదాన్ని.

చీరాలలో ఉండే మా తమ్ముడు శ్రీధర్ వాస్తు పిచ్చి ఉన్న మనిషి. ఇంటికి నైరుతిలో, పెరట్లోకి ఒక గుమ్మం ఉంది. బావ ప్రాణం తీసింది అదేనన్నాడు. ఆయనకు బీపీ ఉండేది, మాత్రలు వేసుకునేవారు కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మధ్యలో గుమ్మం ఏం చేసింది? మామూలు రోజుల్లో అయితే వాడికి గంట పాఠం చెప్పేదాన్ని. అప్పుడు మాత్రం సరే అన్నాను.

తాపీమేస్త్రీ ఏసోబు ఆ గుమ్మాన్ని ఇటుకలతో మూసి, రెండు వైపులా ప్లాస్టరింగు చేసి రంగు వేశాడు. పెంకులు మార్చాడు. పెరట్లో వాన నీళ్లు నిలుస్తాయని ట్రాక్టర్లతో కాలవ మట్టి తోలించి, అడుగు ఎత్తున మెరక చేయించాం. రిటైరయ్యాక నేను ఒక్కదాన్నే వచ్చి ఆ ఇంట్లో దిగాను.

“మూణ్ణెల్లు చూడక్కా. ఉండలేకపోతే ఇది అమ్మేద్దాం. మా మేడ మీద గది ఉంది,” అన్నాడు తమ్ముడు.

ఆ గది నాకు తెలుసు. వాడి కొట్లో మిగిలిన చీరల మూటలు అందులోనే పెడతారు. ఆ మూటల మధ్య మంచం వేసుకుంటే ఇక జన్మకు లేవను. అలాగని ఈ ఇంట్లో ఉండాలన్న కోరికా లేదు. పొద్దున లేచి ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి పెరడు తవ్వడం మొదలుపెట్టాను.

తోటకూర గింజలు ఇసుకలో కలిపి గోడ పొడవునా చల్లాను. అయిదో రోజుకు పెరడంతా పచ్చబడింది. ఒక్కచోట తప్ప. మూసిన గుమ్మం దగ్గర మొదలై చేతిబోరింగు దాకా, మూరెడు వెడల్పున ఒక్క మొలకా లేదు.

ముందు బాపట్లలో విత్తనాలు అమ్మిన కొట్టువాణ్ణి తిట్టుకున్నాను. పక్కింటి రత్తమ్మగారు, “చీమలు ఎత్తుకుపోతాయి వదినా, బూడిద చల్లండి,” అంది. చల్లి మళ్లీ వేశాను. మొలవలేదు.

అప్పుడు నాలో టీచరు లేచింది. అక్కడ తవ్వి చూశాను. సున్నం లేదు, సిమెంటు లేదు, రాళ్లు లేవు. ఆ మట్టి తీసి పగిలిన బకెట్లో పోసి గింజలు వేస్తే గుబురుగా లేచింది. మొలకలున్న చోటి మట్టి తెచ్చి ఇక్కడ పోస్తే, మూడోసారి కూడా మొలవలేదు. పైగా, గుల్లగా తవ్విన నేల రెండు రోజుల్లో గట్టిపడేది. పశువులు రాకుండా కంచె ఉంది. ముగ్గుపిండి చల్లి చూశాను. పిండి చెదరలేదు, ఒక్క అడుగూ పడలేదు. కింద మట్టి మాత్రం గట్టిపడింది.

ఇల్లు అమ్మినవాళ్లు నడిచిన దారేమో అనుకుని రత్తమ్మగారిని అడిగాను.

“ఆ గుమ్మం వాళ్లు తీసిందెప్పుడు వదినా? దానికి అడ్డంగా ధాన్యం బస్తాలుండేవి,” అంది.

ఆ దారి తిన్నగా కూడా లేదు. సగంలో కుడి పక్కకు వంగి, మళ్లీ దారిలో పడుతుంది. ఒక పొద్దున కలుపు తీస్తూ మోకాళ్లు నొప్పెట్టి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని ఆ వంపులో వేసుకున్నాను. కూర్చోగానే గుర్తొచ్చింది.

రిజిస్ట్రేషనయిన వారానికి ఇద్దరం వచ్చి ఈ ఇంట్లో ఒక పగలు గడిపాం. నేను సరిగ్గా అక్కడే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను. ఆయన ఆ గుమ్మం తెరిచి, బోరింగు నీళ్లు బకెట్లతో మోసి గదులన్నీ కడిగారు. నా పేపర్ల మీద చిందకుండా ప్రతిసారీ నన్ను చుట్టి వెళ్లారు. ఒక్కసారి కూడా కుర్చీ జరుపుకోమనలేదు. నేను తల ఎత్తి చూసిన గుర్తు లేదు.

ఆయన నడిచిన నేల ఇప్పుడు అడుగు లోతున ఉంది.

“జరగాల్సిందండీ నేను,” అని పైకే అన్నాను. ఏడుపు రాలేదు. లేచి కుర్చీ తీసి గోడ వారగా పెట్టాను.

మూణ్ణెల్లు అయ్యాయని ఆ వారమే తమ్ముడు నన్ను తీసుకెళ్లడానికి కారు వేసుకుని వచ్చాడు. వాడు వచ్చేసరికి ఏసోబు గోడ పగలగొడుతున్నాడు.

“నీకేమన్నా మతిపోయిందా అక్కా? నైరుతి గుమ్మం అది,” అన్నాడు తమ్ముడు.

“నేను రాను రా. ఈ ఇల్లు అమ్మను,” అన్నాను. కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు. నాకు బాధేసింది. ఆయన పోయాక బాధ అనేది తెలియడం అదే మొదలు.

“మూయమన్నప్పుడే ఎందుకని అడుగుదామనుకున్నానండి, ఎట్టా అడగాలో తెలవలేదు,” అన్నాడు ఏసోబు ఇటుకలు తీస్తూ.

గుమ్మం తెరిచాక అక్కడ నాలుగోసారి గింజలు వేసి చూడాల్సింది. పిల్లలెవరైనా ప్రయోగం అలా సగంలో వదిలేస్తే మార్కులు కోసేదాన్ని. నేను వెయ్యలేదు. రోజూ నీళ్లకు ఆ దారినే వెళుతున్నాను. ఇప్పుడు ఆ నేల గట్టిగా ఉండటానికి నా కాళ్లు చాలు. ఇక ఎవరికీ ఏదీ రుజువు చెయ్యలేను.

ఏడాది దాటింది. వంపు దగ్గర కుర్చీ లేదు, ఏమీ లేదు. బకెట్టు బరువుగా ఉన్నప్పుడు తిన్నగా వెళితే రెండడుగులు కలిసొస్తాయి. అయినా నేనూ చుట్టే తిరిగి వెళుతున్నాను.