ఆరీ ఆరని కారు టాపు

2014 ఆగస్టు 9, శనివారం. తెల్లవారుజాము నుంచి ముసురు, పదకొండు గంటలకు తెరిపి.
హాజరు: నేను, నా భార్య, పక్కింటి సిస్టర్‌గారు.
రానివారు: బావ.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లకు రంగులు వేసే సెక్షన్‌లో ముప్పై ఆరేళ్లు పనిచేశాను. అక్కడ పొద్దున్నే ముందు వాతావరణం, తర్వాత పనికి వచ్చినవాళ్లు, రానివాళ్లు రాసుకునేవాణ్ణి. రిటైరయ్యాక వాతావరణం, హాజరు మిగిలాయి. ‘రానివారు’ అన్న వరుస అవసరం లేక మానేశాను. అంతకు పది నెలల ముందు అది మళ్లీ మొదలైంది. ప్రతి పేజీలోనూ దాని ఎదురుగా ఒక్క మనిషే.

బావ అంటే మా పెద్దక్క భర్త. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవాడు. రాయపూర్ స్టేషన్ ముందు ముప్పై ఏళ్లు టాక్సీ నడిపాడు. గుండ్రటి ముక్కున్న పాత కారు, మీగడ రంగు. ఆరంగ్ దగ్గర ఒకసారి లారీ రాసుకుపోతే ఎడమవైపు వెనక తలుపు మార్చారు. దాని రంగు మిగతా బండితో ఎప్పుడూ కలవలేదు. మోకాళ్లు అరిగాక బావ కారును ఇంటి ముందు నిలిపేశాడు. నాలుగేళ్లు అలాగే నిలిచింది. టైర్లు నేలకంటుకున్నాయి. వెనక సీటు కింద పిల్లి ఈనింది. మురిక్కాలువ తీసేవాళ్లు వచ్చినప్పుడల్లా తిట్టిపోయేవారు.

“తీసెయ్యించు బావా” అని నేను వారానికోసారి పోరేవాణ్ణి. చివరికి అమ్మకం కాగితం మీద సంతకం పెట్టి, తాళంతో పాటు నా చేతిలోనే పెట్టాడు. “నీ దగ్గరుంచు. ఎప్పుడన్నది నాను సెప్తాను” అన్నాడు.

తర్వాతి వారం అక్కా బావా చుట్టాల పెళ్లికని విజయనగరం వెళ్లారు. మూడు రోజులు. కాగితం నా అలమరలో ఉంది, తాళం మేకుకు వేలాడుతోంది. మొదటి రోజు ఓర్చుకున్నాను. రెండో రోజు పాత ఇనుము కొనే కబాడీవాణ్ణి పిలిచి బండి ఇచ్చేశాను. మూడో రోజు ఆ చోటు కడిగించి సున్నం కూడా చల్లించాను. బావ రిక్షా దిగి ఆ సున్నం వైపు చూశాడు. నేరుగా లోపలికి వెళ్లాడు. ఆ రోజు నుంచి మా గుమ్మం తొక్కలేదు. నేను వాళ్లింటికి వెళితే లేచి లోపలి గదిలోకి పోయేవాడు. సంతకం ఉంది కదా, నేను చేసిన తప్పేమిటని చాలాకాలం నాతో నేనే వాదించుకున్నాను. డైరీలోనూ అలాగే రాసుకున్నాను.

రిటైరైనప్పటి నుంచి ప్లాస్టిక్ కార్ల నమూనాలు కట్టడం నా వ్యాపకం. పోస్టులో తెప్పించుకున్న పెట్టెలో ముక్కలు ఉంటాయి. వాటిని కోసి, అతికించి, రంగులు వేయాలి. అసలు కారులో ఇరవైనాలుగో వంతు, అంటే మూరెడు కూడా ఉండదు. కట్టడం ఎవరైనా కడతారు. పనంతా ఆ తర్వాతే ఉంది. అతుకులు కనపడకుండా నీళ్లలో తడిపిన ఎమెరీ కాగితంతో రుద్దాలి. తలుపుల సందుల్లో సన్నటి నల్లగీత నింపాలి. కిటికీల చుట్టూ మెరిసే పట్టీ పెట్టాలి. ఆ నల్లగీత కోసం ఇంజెక్షన్ సూది ఇచ్చింది పక్కింటి సిస్టర్‌గారే. ఆమె ఏలూరు వైపు నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. పట్టీకి మాత్రల అట్ట వెనకనుండే రేకు వాడతాను.

ఆ ఏడాది బావ కారును కట్టడం మొదలుపెట్టాను. అలాంటి కారు ముక్కల పెట్టె దొరకలేదు. దగ్గరగా ఉన్న విదేశీ కారును తీసుకుని దాని ముక్కును పుట్టీతో గుండ్రంగా చేశాను. బావ కట్టుకున్నట్టే లోపల అద్దానికి నల్లదారం కట్టాను. ఎడమ వెనక తలుపుకు కావాలనే ఒక పిసరు తేడా రంగు వేశాను. ఆ పిసరు కలపడానికి నాలుగు రోజులు పట్టింది. సంగతి అక్కకు చెప్పాను, ఆమె బావకు చెప్పింది. “ఆదివారం పొద్దున్న సూస్తానన్నాడు తమ్ముడూ. బాగులేకపోతే కుర్సీలో కూడా కూకోనన్నాడు” అని కబురు చేసింది.

మిగిలింది ఆఖరి పూత, మెరుపు కోసం వేసే క్లియర్. గాలిలో తడి ఉన్నప్పుడు వేస్తే అది పాలు విరిగినట్టు తెల్లబడుతుంది. సోమవారం నుంచి వాన. మంగళవారం వాన. బుధవారం మూడుసార్లు మేడ మీదికెక్కి ఆకాశం చూసి దిగానని రాసుంది. శుక్రవారానికి నా భార్య ఓపిక అయిపోయింది.

“మీరు ఎక్కి దిగితే ఆగుతాదేటండీ వాన? మెట్లు అరిగిపోతన్నాయి.”

శనివారం పదకొండుకు ఎండ వచ్చింది. పదకొండున్నరకు పూత వేశాను. తెల్లబడలేదు. కారును ఆరబెట్టే చెక్కపెట్టెలో పెట్టాను. అందులో ఒక చిన్న బల్బు, దాని పక్కన వేయించిన బియ్యం పోసిన పళ్లెం. బియ్యం తడిని లాగేస్తుంది.

“తిల్దా నుంచి తెప్పించిన మంచి బియ్యవండీ, రంగుల తిన్నర్ కంపు కొడతన్నాయి” అంది నా భార్య.

సిస్టర్‌గారు గోడ మీంచి తొంగిచూశారు. “అన్నయ్యగారూ, గుడ్లు ఎన్ని రోజులకి పిల్లలవుతాయండీ?”

“రేపు పొద్దున్నకి” అన్నాను.

“ఎనిమిదో నెలలో పుట్టిన శిశువుని కూడా ఇంత జాగ్రత్తగా పెట్టలేదండీ మేము. ఇవిగో, గ్లౌజులు. ఒట్టి చేతుల్తో ముట్టకండి.”

ఇరవైనాలుగు గంటలు కదపకూడదని నాకు తెలుసు. వారం ఆరితే ఇంకా మంచిది. నా దగ్గర ఉన్నది ఒక్క రాత్రి. కూర్చోలేకపోయాను. డైరీలో వేళలున్నాయి: 1.20 మూత తీసి చూశాను. 1.50 చూశాను. 2.15 బల్బు కొంచెం దూరం జరిపాను. 2.30 మళ్లీ దగ్గర పెట్టాను. 3.05 దుమ్ము పడిందేమోనని టార్చి వేసి చూశాను. పేపరు తెరిచి ఒక్క పేజీని నాలుగుసార్లు చదివాను. 4.10 నా భార్య సిస్టర్‌గారింటికి. 4.25 అక్క ఫోను, పెట్టె దగ్గరే నిలబడి మాట్లాడాను.

“ఒస్తానన్నాడు, ఒస్తాడు. అటుకుల పోహా సెయ్యమను, ఇడ్లీ ఒద్దు” అంది అక్క. “నువ్వు మాత్రం ఆ కారు మాట ఎత్తకు. మీ బావే ఎత్తితే ఇను.”

“బొమ్మ చూసి ఏమంటాడంటావు?”

“నాకేటి తెలుస్తాదిరా. ఆ ఊసు నాతోనే మాటాడడు.”

ఆరు గంటలకు గ్లౌజులు తొడుక్కుని మూత తీశాను. టాపు మీద, సరిగ్గా మధ్యలో, ఒక బొటనవేలి ముద్ర ఉంది. అప్పటిదాకా నీళ్లలా ఉన్న పూతలో గీతలు గీతలుగా దిగిపోయి ఉంది. రుద్ది మళ్లీ పూత వేయాలంటే ముందు ఇది పూర్తిగా ఆరాలి. అంత వ్యవధి లేదు. పైగా బయట మళ్లీ చినుకులు మొదలయ్యాయి.

“ఎందుకు ముట్టావు?” అని వంటింట్లోకి వెళ్లి అడిగాను.

“ఏటి ముట్టాను?”

“టాపు మీద వేలుంది.”

“నా వేలా? ఇంట్లో నాకింక పని లేదేటి, మీ బొమ్మ మీద నిశానీ ఎయ్యడానికి?”

“ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను గ్లౌజులతో ఉన్నాను.”

ఆమె చేతిలో గరిటె ఉంది. దాన్ని గిన్నె మీద పెట్టింది. “అలాగే రాసుకోండి మీ డైరీలో” అంది.

రాసుకున్నాను. ‘6.00 టాపు పాడైంది. నా భార్య ముట్టింది.’ నేను డైరీలో కొట్టివేతలు పెట్టను. మర్నాడు తెలిసినదాన్ని మర్నాటి పేజీలో రాస్తానే తప్ప రాసినదాన్ని చెరపను. అది నాకు కొంత గర్వంగా కూడా ఉండేది. ఆ సాయంత్రం బావకు ఏం చెప్పాలో మూడు రకాలుగా అనుకున్నాను. ఆయన్ని రావద్దనమని అక్కకు చెప్పడానికి రెండుసార్లు ఫోను తీసి పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి బావ వచ్చాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, గోడ పట్టుకుని మెట్టెక్కాడు. వెనకాల అక్క. బావ కూర్చోలేదు. “ఏదిరా?” అన్నాడు.

పెట్టెతో సహా బల్ల మీద పెట్టి మూత తీశాను. టాపు మీద ముద్ర ఉందని ముందే చెప్పేద్దామని నోరు తెరిచాను. బావ చెయ్యెత్తి ఆపాడు. కళ్లజోడు పైకి తోసి, ముఖం బల్లకు ఆనేంత వంచి చూశాడు. ముక్కు చూశాడు. చుట్టూ తిరిగి ఎడమ వెనక తలుపు దగ్గర ఆగాడు.

“ఆరంగ్ తలుపు” అన్నాడు అక్కతో. తర్వాత టాపు చూశాడు. “ఇదేటి?”

“ఎవరో ముట్టారు బావా. నేను లేనప్పుడు...”

పోహా పళ్లేలు తెస్తున్న నా భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఎవలో ఏటి?” బావ ఇంకా వంగి చూశాడు. “మజ్జిన అడ్డంగా గీటుంది సూడు. నీ కుడిచెయ్యి ఇటు పెట్టు.”

చెయ్యి చాపాను. నా బొటనవేలు మీద అడ్డంగా పాత కోత ఉంది. రంగులు గీకే కత్తి జారి వర్క్‌షాపులో తెగింది. ఆ రోజు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది బావే, ఆ కారులోనే. నెత్తురు సీటుకంతా అయిందని ఏడాదంతా దెప్పాడు. ముద్రలోనూ అదే చోట గీతలు తెగి ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. వర్క్‌షాపులో రంగు ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఎవరూ చూడని చోట బొటనవేలు ఆనించి నొక్కుతాం. మీటరు లేదు, గడియారం లేదు, వేలే లెక్క. వేలాది వ్యాగన్ల మీద అలా ఆనించాను. 4.25కు అక్క ఫోను తీయడానికి గ్లౌజులు విప్పాను. ఎడమచేతిలో ఫోను. మూత తీసే ఉంది. కుడిచెయ్యి అందిన చోట తన పని తాను చేసుకుంది. నా భార్య 4.10కే పక్కింటికి వెళ్లిందన్నది నా అక్షరాల్లోనే ఉంది. అది నేను చదువుకోలేదు.

“ఆరనివ్వవు కదరా నువ్వు” అన్నాడు బావ. కోపంగా అనలేదు. “నా బండినీ అంతే సేసావు. నాను ఊరికే పోసుకోలు కబుర్లు సెప్పి ఆపానా? దీపావళెల్తే పిల్లి పిల్లలు పెద్దవైపోను. ఆలోగా ఒక్కపాలి స్టేషన్ దాకా తోయించుకునెల్లి, నిలబెట్టి, అప్పుడు ఇచ్చేద్దునూ. నాలుగేళ్లు ఆగినోడివి నాలుగు వారాలు ఆగలేకపోనావు.”

నాకు సంతకం మాట అప్పుడు గుర్తే రాలేదు. “తప్పు చేశాను బావా” అన్నాను.

“ఊఁ.” కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “పోహా సల్లారిపోతంది, ఇలా తే అమ్మా” అని నా భార్యను పిలిచాడు. రెండు ముద్దలు తిన్నాక అడిగాడు, “ఇది పూర్తిగా ఎన్నాళ్లకి ఆరుతాది?”

“వారం. అప్పుడు ముద్ర రుద్దేసి మళ్లీ పూత వెయ్యాలి. దానికింకో వారం.”

“అయితే వొచ్చే ఆదివారం ఒస్తాను. దాని తర్వాతి ఆదివారమూ ఒస్తాను. అందాకా పెట్టెకి తాళమెయ్యి. తాళం దానికియ్యి.” గడ్డంతో నా భార్యను చూపించాడు. “నీకొద్దు.”

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

వాళ్లు వెళ్లాక నా భార్య డైరీ, కలం తెచ్చి బల్ల మీద పెట్టింది. శనివారం పేజీ తీసి వేలితో చూపించింది. నేను ఆదివారం పేజీలో రాస్తానన్నాను.

“కుదర్దు. తప్పెక్కడుందో అక్కడే కొట్టండి.”

‘నా భార్య ముట్టింది’ అన్న మాటల మీద అడ్డంగా గీత గీశాను. పైన ‘నేను ముట్టాను’ అని రాశాను. సిరా ఆరకముందే మూయబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.