నిలబెట్టిన నీళ్లు

మొన్న సోమవారం మా పక్కింటి టింబర్‌మన్ పోయాడు. వీధి సంతాప సభలో మీరంతా ఆయన్ను "చేపల పిచ్చోడు" అన్నారు. వెనక కుర్చీలో కూర్చుని విన్నాను. సవరించుకోండి. ఆ అద్దాల తొట్టి ఇంటికొచ్చిన రెండు నెలల దాకా అందులో ఒక్క చేప కూడా లేదు. ఆయనకున్నదల్లా ఏది ఎప్పుడు కూలుతుందోనన్న జాగ్రత్త. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో కప్పు కింద దుంగలు నిలబెట్టిన మనిషికి అది ఉండక తప్పదు.

తొట్టి పెద్దపల్లిలో మూతపడ్డ ఒక లాడ్జి నుంచి ట్రాలీలో వచ్చింది. నాలుగున్నర అడుగుల పొడవు. చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. అడుగున బీడీ ముక్కలు, గాజు మీద ఎండిన గుట్కా ఉమ్ము, మూలల్లో చచ్చిన నత్తలు, వాటి మీద ఆకుపచ్చ జిగట. వచ్చిపోయేవాళ్లు దాన్ని ఉమ్మితొట్టిగా వాడుకున్నారన్నమాట.

"ఈ గలీజు నీకెందుకు తమ్మీ?" అన్నాను.

"గలీజు మనుషులు చేసిందే గదక్కా, కడిగితే పోతది. బాయిల నల్లటి నీళ్లే జూసిన. తెల్లగ నిలబడ్డ నీళ్లు జూడాలె."

సబ్బు ముట్టనివ్వలేదు. "సబ్బు పోయిందనుకుంటం, పోదు. చేప గదే తాగుతది" అని రాళ్లుప్పుతో మూడు రోజులు రుద్దాడు. అతుకుల్లోని పాత సిలికాన్‌ను బ్లేడుతో గీకి కొత్తది పెట్టి, దాని పుల్లటి వాసన పోయేదాకా వారం ఆగాడు. తర్వాత వరండాలో నీళ్లు నింపి, తొట్టి చుట్టూ మన వీధిలో ఉచితంగా దొరికే ఏకైక సరుకు, బొగ్గు పొడి, చల్లాడు. చుక్క కారితే పొడి మీద మచ్చ పడుతుందని. పొద్దున, సాయంత్రం గొంతుకూర్చుని చూసేవాడు.

"ఏంది, ముగ్గు ఆరిందా?" అని ఎగతాళి చేశాను. రెండో రోజు మూలన మచ్చ తేలింది. నీళ్లన్నీ తోడేసి మళ్లీ బ్లేడు పట్టాడు. తోడిన నీళ్లు నేనే మోసి పారబోశాను. అది తరచుగా జరిగే పని కాదు.

బాయిలో కప్పును కర్రతో కొట్టి, చప్పుడు విన్నాకే దాని కింద నిలబడతారట. ఇనుప స్టాండు కాళ్లను, హాల్లో బండలను అలాగే ఒక్కొక్కటీ కొట్టి విన్నాడు. "నిండితే నాలుగు క్వింటాళ్లక్కా. ఈ బండ బోలుగ పలుకుతంది." గట్టిగా పలికిన బండలు ఆయన మంచం కిందే దొరికాయి. మంచం వంటింటి గుమ్మం పక్కకు పోయింది. "మనిషి యాడనైన పంటడు" అన్నాడు. నీళ్లలోకి గాలి ఊదే మోటారు కరెంటు వైరు ప్లగ్గుకన్నా కిందికి వేలాడేలా వదిలాడు, తడి వైరు వెంట నడిచినా ప్లగ్గు దాకా ఎక్కకుండా కిందే రాలిపోవాలని. స్టాండు కింద మళ్లీ బొగ్గు పొడి చల్లి, రోజూ వంగి చూసి, రెండు నెలలు నిండాకే పదకొండు చేపలను వదిలాడు.

చావింట్లో నిల్వ నీళ్లు పారబోయడం మన ఆచారం. సోమవారం ఆయన తమ్ముడి భార్య కుండలు, డ్రమ్ములు ఒంపేసి బకెట్‌తో తొట్టి మీద పడింది. నేను వెళ్లేసరికి నీళ్లు సగానికి దిగాయి. బ్లీచింగ్ వాసన గుప్పుమనే నల్లా నీళ్లు పైపుతో పడుతోంది.

"మైల నీళ్లక్కా, ఉంచొద్దు."

"చేపలకు మైల లేదు. నల్లా బంజెయ్."

అప్పటికే రెండు బకెట్లంత నల్లా నీళ్లు పడ్డాయి. సాయంత్రానికి మూడు చేపలు తేలాయి. "పోయినాయనెంటనే పోయినయి తియ్" అందామె తృప్తిగా. పరామర్శకు వచ్చిన పుణ్యాత్ములేమో మిగిలిన ఎనిమిదింటికి బిస్కెట్ ముక్కలు వేశారు. అవి నాని, బూజుపట్టి, నీళ్లు కంపు కొడుతుంటే నేనే చేత్తో ఏరాను. ఆ కంపు కన్నా మీ దయే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

అందుకని పదకొండో రోజుకు వచ్చేవారికి ఒక పని చెబుతున్నాను. దండలు తేవద్దు. తొట్టి ఇంకా సగం ఖాళీగానే ఉంది. సబ్బు, ఫినాయిల్ ఎరగని బకెట్లో నీళ్లు పట్టి, బ్లీచింగ్ ఎగిరిపోయేలా మూత పెట్టకుండా ఒక రోజంతా ఎండలో ఉంచి తీసుకురండి. తొట్టిలో మీరు పోయకండి. వరండాలో పెట్టి నన్ను పిలవండి. పళ్లెం అడ్డం పెట్టి చెంబుతో నెమ్మదిగా నేను పోస్తాను.

వెళ్లేముందు ఒక్కసారి వంగి స్టాండు కింద చూడండి. ఆయన చల్లిన బొగ్గు పొడి అలాగే ఉంది, మరదలి చీపురు అక్కడిదాకా పోలేదు. మీరూ ఊడ్వకండి. మచ్చ కనబడితే నాకు చెప్పండి.